బండికి దూపయ్యే మలుపు

హైదరాబాదు నుంచి వచ్చే రోడ్డు, కాజీపేట ఇంకా కొంత దూరం ఉందనగా, ఒక గుట్ట భుజం మీదికెక్కి అవతలికి దిగుతుంది. ఆ ఎత్తు మీద ఒక మట్టిబాట రోడ్డును వదిలి పక్కకు పోయేది. బాటకు రెండు వైపులా నల్లరాతి బండలు, సీతాఫలం చెట్లు, వానాకాలమైతే పెసరచేలు. నడవగా నడవగా సున్నం వేసిన కొత్త భవనాలు కనిపించేవి. అదే విశ్వవిద్యాలయం. డెబ్బయిలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న రోజుల మాట ఇది. ఇప్పుడు అక్కడ ఇల్లు లేని జాగా వెతుక్కోవాలి. అప్పుడు మాత్రం బాట మొదట్లో తాటాకు కప్పిన ఒక చాయ హోటలు, దాని వెనుక ఒక చేదబావి తప్ప మరేమీ ఉండేవి కావు.

చదువుల జాగా ఊరి గోలకు దూరంగా ఉండాలని పెద్దలు అనుకున్నారు. మంచి ఆలోచనే. కాని ఊరి గోలకు దూరంగా ఉన్నది బస్సుకు కూడా దూరంగానే ఉంటుంది. అధ్యాపకులకు స్కూటర్లుండేవి. హాస్టల్లో ఉన్నవాళ్లకు రోడ్డుతో పనిలేదు. పల్లెల నుంచి దినాం వచ్చిపోయేవాళ్లకే చిక్కు. వాళ్లలో మా చెల్లె ఒకతె.

మా ఊరు రఘునాథపల్లి దగ్గర. పెద్ద రోడ్డు మీద బస్సు దిగి చేల వెంట నడిచిపోవాలి. మా ఊళ్లో డిగ్రీ పాసైన మొదటి ఆడపిల్ల మా చెల్లె. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ సీటు వచ్చిందని తెలిసిన రోజు బాపు బస్సు వేళలన్నీ అడిగి తెలుసుకున్నాడు. నాన్నను మేము బాపు అనే పిలిచేవాళ్లం. హాస్టల్లో ఉంచడానికి ఆయన ఒప్పుకోడు. నేనేమో వరంగల్‌లో ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేస్తూ మరో ఇద్దరితో కలిసి ఒకే గదిలో ఉండేవాణ్ణి. కాబట్టి నా దగ్గర ఉండే మాటే రాలేదు. చివరికి ఆయన ఒక షరతు మీద సరేనన్నాడు.

“దీపాలు పెట్టే యాళ్లకు ఇంట్ల ఉండాలె. ఒక్క పొద్దు చీకటైందా, ఇగ చదువు బంద్. మల్ల నన్ను అనద్దు.”

బాపు మొరటు మనిషి కాదు. రోడ్డు దిగి మా ఊరికి వచ్చే బాటలో ఒక వాగు, దాని ఒడ్డున మనిషెత్తు జొన్నచేలు ఉండేవి. చీకటి పడితే మగవాళ్లే తోడు చూసుకొని వచ్చేవాళ్లు. ఆయన మనసులో ఉన్నది ఆ బాట. చెల్లెకు అది తెలుసు. “సరే బాపూ” అంది.

మట్టిబాట మొదలయ్యే ఆ మలుపు దగ్గర బస్సు ఆగితేనే ఆ షరతు నిలిచేది. పొద్దున రఘునాథపల్లిలో ఎక్కిన బస్సు మలుపు మీదుగానే పోయేది. కాని అక్కడ స్టేజీ లేదు. బస్సు కాజీపేట, హనుమకొండ దాటి వరంగల్ బస్టాండులోనే నిలబడేది. అక్కడి నుంచి టౌను బస్సు పట్టుకొని మళ్లీ వెనక్కి రావాలి. టౌను బస్సు దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. సాయంత్రం మళ్లీ అదే తిరుగుడు. ముందు బస్టాండుకు పోవాలి, అక్కడ నిలబడాలి, ఎక్కిన బస్సులో మళ్లీ ఈ మలుపు మీదుగానే ఇంటికి పోవాలి. తాను దిగవలసిన చోటును చెల్లె దినాం కిటికీలోంచి చూస్తూ దాటిపోయేది. పొద్దున మొదటి క్లాసు పోయేది, సాయంత్రం ప్రాక్టికల్ సగంలో వదిలి పరుగెత్తవలసి వచ్చేది. అయినా దీపాల వేళకు ఇంట్లో పడడం గగనమయ్యేది.

చేయెత్తితే డ్రైవర్లు ఆపేవాళ్లు కారు. వాళ్లను తప్పుపట్టలేం. స్టేజీ లేనిచోట ఆపినట్టు చెకింగు వాళ్ల కంట పడితే మెమో చేతికొస్తుంది. నేను పత్రికలో చిన్న వార్త రాశాను. బస్సుల ఆఫీసుకు పోయి అడిగాను. అక్కడి గుమాస్తా మర్యాదగా కూర్చోబెట్టి, స్టేజీ కావాలంటే అక్కడ దిగేవాళ్లు ఉండాలన్నాడు. దిగేవాళ్లున్నారు, స్టేజీ లేదు కనుక దిగలేకపోతున్నారు అన్నాను.

“దిగుతలేరు గద మరి,” అన్నాడాయన.

దానికి ఎదురు మాట నాకు తోచలేదు.

తోచింది చాయ హోటలు నడిపే ఆమెకు. విద్యార్థులందరూ ఆమెను ఖాలా అనేవాళ్లు. ఉర్దూలో పిన్ని అని. భర్త పోయాక హోటలు ఒక్కతే నడిపేది. మిర్చి కాలంలో వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్టుకు పోయే లారీలు ఆ ఎత్తు ఎక్కేసరికి ఇంజన్లు కాగి అక్కడ ఆగేవి. వాటి కోసం ఆమె బావి నీళ్లు తోడి, నూనె డబ్బాల్లో నింపి, పైన తడిపిన గోనెపట్టా కప్పి రోడ్డు పక్కన పెట్టేది. డ్రైవర్లు రేడియేటర్లో నీళ్లు పోసుకొని, చాయ తాగి పోయేవాళ్లు. బస్సులు ఆగేవి కావు. వాటి నీళ్లు వాటికి బస్టాండులో ఉండేవి.

ఒకరోజు నేను అక్కడ కూర్చొని ఉండగా, పొగలు కక్కుతూ ఒక బస్సు వచ్చి ఆగింది. నిజంగానే ఇంజను కాగింది. డ్రైవరు వయసు మళ్లిన మనిషి. ఖాలా డబ్బా అందిస్తూ అడిగింది.

“ఏమన్నా, పిల్లలు చెయ్యెత్తితె ఆపవు. నీ బండికి దూపైతె ఆపినవ్.”

దాహాన్ని మా వైపు దూప అంటాం.

“ఇంజను కాగితె ఆపుడు నా డ్యూటీ ఖాలా. ఆపకపోతె దానికీ మెమో ఇస్తరు.”

“అయితె దినాం కాగనియ్యి.”

డ్రైవరు నవ్వలేదు. రేడియేటరు మూత మీద తడిగుడ్డ వేసి తిప్పాడు.

“ఈ గడ్డ ఎక్కంగనే జర కాగుడైతె నిజమే,” అన్నాడు.

ఆ తరువాత ఆయన బస్సుకు పొద్దున పోయేటప్పుడు, సాయంత్రం వచ్చేటప్పుడు సరిగ్గా ఆ మలుపు దగ్గరే దూపయ్యేది. ఆయన నిదానంగా దిగి, బానెట్టు ఎత్తి, ఖాలా డబ్బాలోంచి కొంచెం నీళ్లు పోసి, మళ్లీ నిదానంగా ఎక్కేవాడు. ఆలోపల దిగేవాళ్లు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఎక్కేవాళ్లు. కండక్టరు ఆ సమయంలో ఆకాశం వైపు చూస్తూ, “బండి నీళ్లు తాగుతాంది. ఎవలన్న దిగితె నాకు తెల్వది,” అనేవాడు.

“ఆపితె నా తప్పైతది,” అని డ్రైవరు ఒకసారి నాతో అన్నాడు. “బండికి దూపైతె నేనేం చెయ్యాలె?”

ఈ సంగతి మిగతా డ్రైవర్లకు ఎవరు చెప్పారో తెలియదు. దసరా వచ్చేసరికి ఆ రోడ్డు మీద పోయే బస్సులన్నిటికీ అక్కడే దూపయ్యేది. చలికాలం వచ్చింది. పొద్దున మంచులో ప్రయాణికులు చెవులకు గుడ్డలు చుట్టుకొని కూర్చుంటే, బస్సు మాత్రం ఆగి చన్నీళ్లు తాగేది.

“సలికాలంల గింత దూపేందే దీనికి?” అని ఒక ముసలాయన అడిగాడు.

“షుగరున్నట్టున్నది తాతా,” అన్నాడు కండక్టరు. “దవాఖానల చూపియ్యాలె.”

చెల్లె చదువు ఆ నీళ్లతో గాడిన పడింది. మొదటి క్లాసుకు అందుకునేది. ప్రాక్టికల్ పూర్తిచేసి మట్టిబాట వెంట పరుగులాంటి నడకతో రోడ్డు మీదికి వచ్చేది. దీపాలు పెట్టేలోపలే ఇంట్లో ఉండేది. ఖాలాను ఇదంతా ఎందుకు చేస్తున్నావని అడిగితే, “పిల్లలు దిగితె చాయ తాగుతరు, నాకు గిరాకి,” అనేది. నిజానికి పిల్లలు క్లాసుకు వేళైందని చాయ వైపు చూడకుండానే పోయేవాళ్లు. బావిలోంచి తోడేది మాత్రం ఆమే. ఇలాంటివి రాయడమే నా వృత్తి. ఆమె గురించి ఒక్క ముక్క రాయలేదు. రాస్తే ఆగిపోయే మంచి పనులు కొన్ని ఉంటాయి.

నేను ముందు రాసిన చిన్న వార్త మాత్రం బస్సుల ఆఫీసులో ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి పోతూనే ఉంది. చలి ఇంకా వదలని రోజుల్లో ఒక అధికారి ఆ చోటు స్వయంగా చూసి వస్తానన్నాడు. మనిషి మంచివాడు. తన జీపులోనే నన్నూ రమ్మన్నాడు. రేపు సారు వస్తున్నాడని నేను ఖాలాకు కబురు పంపాను. పిల్లలు గుంపుగా కనిపిస్తే చాలు, స్టేజీ వచ్చినట్టేనని అనుకున్నాను.

మేము పోయేసరికి మలుపు ఇంటి వాకిలిలా ఉంది. రోడ్డంచు ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గు వేశారు. పక్క గూడెం నుంచి చేతుల కుర్చీ ఒకటి తెచ్చి వేశారు. ఖాలా ఇస్త్రీ చీర కట్టుకొని, మీగడ చాయతో నిలబడి ఉంది. మనుషులు మాత్రం లేరు. ఒక్క విద్యార్థి లేడు, ఒక్క కూలీ లేడు. పెద్ద సారు వచ్చినప్పుడు గుంపు కట్టి గోల చేయడం మర్యాద కాదని, పిల్లలనందరినీ ఆమే గుట్ట వెనక్కి పంపేసింది.

అధికారి కుర్చీలో కూర్చొని చాయ తాగాడు. చాలా బాగుందన్నాడు. చుట్టూ చూశాడు.

“ఇక్కడ ఎవరైనా ఉంటారా అమ్మా?”

“ఎవ్వలు ఉండరు సార్. మీరు ఫికర్ చెయ్యకుండ్రి,” అంది ఖాలా.

నేను గుట్ట వైపు పరుగెత్తి పిల్లలను పిలిచాను. వాళ్లు తలలు వంచుకొని, జుట్టు సవరించుకుంటూ, ఒకరి వెనుక ఒకరు వచ్చి వరుసగా నిలబడ్డారు. అధికారి నా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. ఇలా పిలిపించి నిలబెట్టిన జనాన్ని ఆయన తన ఉద్యోగంలో చాలా చూసి ఉంటాడు.

అంతటితో పోయినా బాగుండేది. లేస్తూ ఆయన గోనెపట్టా కింది డబ్బాలను చూశాడు.

“ఇవి లారీల కోసమా?”

ఖాలా ముఖం వెలిగింది. “లారీలే గాదు సార్, మీ బస్సులకు గూడ. దినాం ఆగుతయి. ఎంత సలున్నా ఆగుతయి. ఒక్కటి గూడ తప్పది.”

ఆయన తడి గోనెపట్టా మీద వేలు పెట్టి చూశాడు. మంచులా ఉంది. జీపులో నాతో, “నేను చూసింది నేను రాయాలి గదా,” అన్నాడు. కోపంగా కాదు, బాధగానే అన్నాడు.

వారం తిరిగేలోపల డ్రైవర్లకు ఆజ్ఞ వచ్చింది. దారిలో ఇంజన్లకు నీళ్లు పోయడానికి ఆపకూడదు, బయలుదేరేముందే చూసుకోవాలి. స్టేజీ రాలేదు, ఉన్న దూప కూడా పోయింది. మొదట ఆపిన ఆ పెద్ద డ్రైవరు మలుపు వచ్చేసరికి తల అవతలికి తిప్పుకొని పోతున్నాడని చెల్లె చెప్పింది. ఖాలా డబ్బాలు మాత్రం తీయలేదు. లారీలుంటాయిగా అంది.

చెల్లె మళ్లీ బస్టాండు తిరుగుడులో పడింది. ఏడాది చివరి ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరికొచ్చాయి. సగంలో వదిలి వచ్చేందుకు వీల్లేని రోజులు. ఒక సాయంత్రం ఆలస్యమైంది. బస్టాండుకు పోతే చీకటి ఖాయం. మలుపు దగ్గరే నిలబడి, వచ్చిన బస్సుకు చేయెత్తింది. బస్సు ఆగలేదు.

ఆ బస్సులో మా వైపు ఆడవాళ్లు ఉన్నారు. మిర్చి కాలంలో వాళ్లు దినాం ఎనుమాములకు పోయి, యార్డులో మిరపకాయలకు తొడిమలు తీసి, రంగు పోయిన తాలు కాయలు ఏరి వచ్చేవాళ్లు. వాళ్లకు పెద్దగా ఉండే ఆమెను బాపు అక్కా అనేవాడు. మాకు అత్త. చుట్టరికం లేదు, పిలుపే. అత్త ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చి, “నీ బిడ్డ మలుపు కాడ నిలబడ్డది తమ్మీ. ఆపమంటె నౌకరి పోతదన్నడు డ్రైవరు,” అని చెప్పింది. బాపు లాంతరు పట్టుకొని రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. చెల్లె మళ్లీ బస్టాండుకు పోయి, తరువాతి బస్సు పట్టుకొని దిగేసరికి బాగా చీకటైంది. బాపు లాంతరు పట్టుకొని ముందు నడిస్తే, చెల్లె వెనుక నడిచిందట.

మర్నాడు నాకు కబురు వచ్చింది. పోయాను.

“నీకు ఆఫీసుల సంగతి ఎరుకే గద,” అన్నాడు బాపు. “రేపు మాతోని రా. కాలేజిల పోరి పేరు కొట్టిపియ్యాలె.”

నేను చెప్పగలిగిందంతా చెప్పాను. పరీక్షలు ఇంకెంతో దూరం లేవన్నాను. ఆయన విని, “చదువు మీద నాకేం కోపం,” అన్నాడు. అమ్మ చెల్లె పక్కన కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉండిపోయింది.

పొద్దున ముగ్గురం బస్సెక్కాం. బాపు ఉతికిన ధోతి కట్టుకున్నాడు. బస్సు నిండా మిర్చి పనికి పోయే ఆడవాళ్లే. స్టీరింగు ముందు ఆ పెద్ద డ్రైవరే. అత్త మమ్మల్ని చూసింది.

“ఏం తమ్మీ, తెల్లబట్టలేసినవ్? లగ్గానికా?”

“కాదక్కా. పోరి పేరు కొట్టిపియ్యను పోతాన.”

చెల్లె కిటికీ కమ్మికి గడ్డం ఆనించి బయటికి చూస్తోంది. అత్త ఆమెను కాసేపు చూసింది.

“మొన్న బస్సు ఆగలేదనేనా?”

“ఆగద్దని రూలట గదనే అక్కా.”

“ఇంజనుకు నీళ్లు పొయ్యద్దని గద రూలు,” అంది అత్త. కొంగు ముడి విప్పి నోట్లో ఒక వక్క వేసుకుంది.

బస్సు ఎత్తు ఎక్కడం మొదలుపెట్టగానే ఆమె గొంతు లేచింది.

“ఓ డ్రైవరన్నా, జర ఆపు. దూపైతాంది.”

“పొద్దుగాల ఏం దూపనే? బస్టాండుల తాగుదువు తియ్యి.”

“మిరపతొక్కుతోని తిని వచ్చినం. నీ పెండ్లాం నీకు పెరుగన్నం పెట్టిందేమో, మాకెర్కలే.”

బస్సంతా నవ్వింది. వెనుక సీట్లోంచి ఇంకొకామె, “నాకూ అయితాంది,” అంది. “నాకు కండ్లు తిరుగుతానయి. పడిపోతె నీదే పూచి,” అంది మరొకామె. ఇంకో నలుగురు గొంతు కలిపారు.

“నాకు మెమో ఇస్తరే తల్లీ,” అన్నాడు డ్రైవరు.

“దూపకు నీళ్లు తాగనిచ్చిండని మెమో ఇచ్చే సారు ఎవలున్నరు? యాడుంటడో చెప్పు. మేమే పోయి అడుగుతం.”

కండక్టరు ముందుకు వంగి మెల్లగా అన్నాడు. “ఇంజనుకు వద్దన్నరు గని అన్నా, మనుషులకు వద్దనలే.”

డ్రైవరు మలుపు దగ్గర బస్సును పక్కకు తీశాడు. ఆడవాళ్లు దిగి ఖాలా తాగునీళ్ల కుండ చుట్టూ మూగారు. వాళ్లకు దూప లేదని చూస్తే తెలుస్తోంది. ఒక్కొక్కరు గుక్కెడు తాగి మూతి తుడుచుకున్నారు. మేము ముగ్గురం కూడా దిగాం. అత్త తిరిగి ఎక్కుతూ, “తమ్మీ, మాపటికి మేము ఇదే తొవ్వల వస్తం,” అని మాత్రం అంది. బస్సు పోయింది.

నేను మట్టిబాట వైపు నడిచాను. బాపు కదల్లేదు.

“నువ్వు పో బిడ్డా. నీ పని చూసుకో,” అన్నాడు చెల్లెతో.

“పేరు కొట్టిపిస్తనంటివి గద బాపూ?”

“పొద్దటిది ఆగింది. మాపటిది ఆగుతదా చూడాలె. ఆగకపోతె రేపు మల్ల వద్దాం. ఆఫీసు యాడికి పోతది?”

చెల్లె ఆయన ముఖం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి బాట పట్టింది. కొంత దూరం నడిచి, తరువాత పరుగెత్తింది.

ఆ రోజంతా బాపు ఖాలా హోటల్లోనే ఉన్నాడు. ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాదు. బావి గిరక కిర్రుమంటోందని నూనె అడిగి వేశాడు. చేంతాడు ఒకచోట నలిగిందని విప్పి మళ్లీ పేనాడు. మధ్యాహ్నం లారీలు వస్తే డబ్బాలు అందించాడు. ఖాలా తన తప్పు తానే చెప్పుకొని నవ్వింది.

“సారుకు మన గొప్ప చెప్పుదామని నేనే ఆగం చేసిన అన్నా. దినాం ఆగుతయి సార్ అన్న. ఆయన మొఖం గట్లెందుకు మాడిందా అని నాకు తెల్లారి గని సమజ్ గాలే.”

“పెద్దమనిషి వాకిట్లకు వస్తె మన గొప్ప చెప్పకపోతె ఎట్లుంటది?” అన్నాడు బాపు. “నేనైనా గట్లనే అందును.”

పొద్దు వాలింది. చెల్లె వచ్చింది. వేలి చివర్లకు స్లైడ్లకు వేసే ఏదో ఎర్ర రంగు అంటుకొని ఉంది. ప్రాక్టికల్ ఎలా చేశావని నేను అడిగితే తలూపింది. ఆమె చూపు రోడ్డు మీద ఉంది. అవతలి నుంచి ఎత్తు ఎక్కుతున్న బస్సు చప్పుడు వినపడింది. నేను చేయెత్తబోతే బాపు నా మోచేయి పట్టుకున్నాడు.

“ఎత్తకు. ఊకె నిలబడు.”

బస్సు కనిపించింది. డ్రైవరు వేరే మనిషి, పడుచువాడు. మమ్మల్ని చూశాడు. స్టీరింగు బిగించి పట్టుకొని వేగం తగ్గించకుండా మా ముందు నుంచే పోయాడు. దుమ్ము లేచింది. చెల్లె పుస్తకాల సంచి రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. బాపు దుమ్ములోకి చూస్తూ నిలబడ్డాడు.

కొంత దిగువన బ్రేకులు కీచుమన్నాయి. దుమ్ము పలచబడేసరికి బస్సు రోడ్డు పక్కన నిలబడి ఉంది. దాని మెట్ల మీది నుంచి ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు దిగుతున్నారు. కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకొని, దగ్గుతూ, ఎత్తు మీదికి మా వైపు నడిచి వస్తున్నారు.

పొద్దున చూసిన దూప వేరు, ఇది వేరు. పొద్దంతా మిర్చి రాసుల మధ్య కూర్చున్న మనుషులు. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. చేతుల మీద, జుట్టు మీద, కనుబొమల మీద ఎర్రటి నుసి. వాళ్లు దగ్గరికి వస్తుంటేనే ఆ ఘాటుకు నా గొంతు పట్టుకుంది. అత్త మాట్లాడబోతే మాట రాలేదు, దోసిలి పట్టింది. బాపు చెంబు తీసుకొని పోశాడు. ఆమె తాగి, ముఖం కడుక్కొని, మళ్లీ దోసిలి పట్టింది. వెనుక ఇంకా చాలా దోసిళ్లు ఉన్నాయి. ఖాలా తోడుతోంది, నేను మోస్తున్నాను, బాపు పోస్తున్నాడు. దినాం ఇదే మంట గొంతులో పెట్టుకొని వాళ్లు రఘునాథపల్లి దాకా పోయేవాళ్లన్నమాట. బస్సు ఆపించవచ్చని, తమ కోసం అడగవచ్చని వాళ్లకు తట్టలేదు. చెల్లె కోసం అడిగారు.

దిగువ నుంచి హారను మోగుతూనే ఉంది.

“ఊదు బిడ్డా ఊదు,” అంది అత్త, గొంతు తిరిగి వచ్చాక. “నువ్వు ఊదితె మంట ఆరుతదా?”

కాసేపటికి హారను ఆగింది. పడుచు డ్రైవరు తానే నడిచి వచ్చాడు. బస్సులో నిండిన ఘాటుకు అతనికీ దగ్గు ఆగడం లేదు. ఏదో గట్టిగా అందామనే వచ్చినట్టున్నాడు. బాపు చెంబు ముందుకు చాచాడు. అతను తాగాడు.

“ఇంకిన్ని పొయ్యాల్నా?” అని అడిగాడు బాపు.

“పొయ్యి పెద్దయ్యా,” అన్నాడతను.

అందరూ తాగేసరికి సూర్యుడు గుట్ట వెనక్కి దిగాడు. ఖాలా హోటల్లో దీపం పెట్టింది. చెల్లె ఆ దీపం వైపు చూసి, బాపు దగ్గరికి జరిగి, “పొద్దుగూకింది బాపూ,” అంది, మెల్లగా.

ఆయన వినిపించుకున్నట్టు లేదు. చివర నిలబడ్డ చిన్నపాటి మనిషి ఒకామె ఇంకా తాగలేదని గుర్తుపట్టి, రమ్మని పిలిచి, ఆమె దోసిట్లో నీళ్లు పోశాడు. తరువాత చెంబు బోర్లించి, “ఇగ నడువుండ్రి,” అన్నాడు.

మా ఊరి రోడ్డు మీద దిగేసరికి చీకటి పూర్తిగా ముసిరింది. లాంతరు లేదు. ఆడవాళ్లు గుంపుగా వాగు వైపు నడిచారు. వాళ్ల మధ్యన చెల్లె. ఎవరి రాసిలో తాలు ఎక్కువ వచ్చింది, ఏ సేటు నోరు మంచిది కాదు అని వాళ్లు మాట్లాడుతుంటే జొన్నచేలో పడుకున్న పిట్టలు లేచాయి. బాపు, నేను వెనుక నడిచాం. మొన్నటి చీకటి, ఈ చీకటి ఆయనకు ఒకటిగా తోచాయో లేదో నేను అడగలేదు.

అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. “ఇంత చీకటైందేందయ్యా? ఎప్పుడు పోయిన్రు, ఎప్పుడు వచ్చిన్రు?” అని బాపును అడిగింది. చెల్లె గడప దగ్గర ఆగిపోయింది.

“అందరు తాగినంక గద బస్సు కదిలేది,” అన్నాడు బాపు, కాళ్ల మీద నీళ్లు పోసుకుంటూ.

అమ్మకు ఏమీ అర్థం కాలేదు. పేరు కొట్టించారా అన్నట్టు నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. బాపు తువ్వాల తీసుకొని ముఖం తుడుచుకొని, చెల్లెతో అన్నాడు.

“తిని పండుకో. పొద్దుగాల మీ అత్తోళ్లు తొందరగ ఎల్తరట. ఆళ్లతోని పో.”